ఆటలో ఎరుక

(ముంచింగిపుట్టులో ఉపాధ్యాయులను, వ్యాయామశిక్షకులను, తల్లిదండ్రులను, విద్యార్థులను ఉద్దేశించి చేసిన ప్రసంగపాఠము)



ఈ కొండలమీదికి వచ్చి మాటలాడుటకు మాకు కొంత సంకోచముగ నున్నది. మైదానమునుండి వచ్చువారు మీకు ఏదో నేర్పవలెనని వత్తురే గాని మీవలన నేర్చుకొనవలెనని వచ్చుట అరుదు. ఆ దోషము మాకును అంటకపోలేదు. కావున మేము మొదట ఒక తప్పు నొప్పుకొని, పిమ్మట విషయమునకు వత్తుము.

కొన్ని యేండ్ల క్రిందట ఒక పట్టణమున జరిగిన బాలబాలికల పరుగుపందెములను చూడబోయితిమి. ఏజెన్సీనుండి వచ్చిన బాలిక యొకతె ఉదయపు పరుగులో అందరికంటె ముందు నిలిచెను. ఆమె పరుగును చూచినవారందరును సాయంకాలపు తుదిపందెము ఆమెదే యనుకొనిరి. సాయంకాలమునకు జనము క్రిక్కిరిసెను. ధ్వనివర్ధకములో ఆమె పేరు తప్పుగ పలికిరి. ఆమె సవరించి చెప్పగా, ఆ మాటతీరు విని ప్రక్కవారు నవ్విరి. అంతలో తుపాకి పేలెను. తక్కిన పిల్లలు బయలుదేరిరి. ఈ పిల్ల ఒక్క క్షణము కదలలేదు. నూరుమీటర్ల పరుగులో ఒక్క క్షణము చాలును. కడపట వచ్చెను. మేము దగ్గరకు పోయి, "భయమెందుకమ్మా? ధైర్యముగ పరుగెత్తవలసినది" అంటిమి. ఆ పిల్ల తలవంచుకొని, "భయపడకుండ ఎట్లుండవలెనో నాకెవరును చెప్పలేదండి" అనెను. మరుసటి యేడు ఆమె పందెములకు రాలేదు.

ఆ మాట మమ్ము నేటికిని విడువలేదు. ఆమెకు పాదము ఎట్లు మోపవలెనో నేర్పినవారు కలరు. చేయి ఎట్లు ఊపవలెనో నేర్పినవారు కలరు. మనస్సునకు మాత్రము మనమందరము ఆజ్ఞలే యిచ్చితిమి. భయపడకుము, ధైర్యము వహింపుము, ఏకాగ్రతతో నుండుము! ఇవి ఉపదేశములే గాని విద్య కావు. ఈత రానివానిని ఏటిలో దింపి, మునుగకుము అని గట్టునుండి కేకవేయుట వంటిది యిది. శరీరమునకు వలెనే మనస్సునకును సాధన కలదు. అది క్రమముగ నేర్పదగిన విద్య. ఆ విద్యను బిడ్డకు నేర్పకుండ, ఓడినప్పుడు మాత్రము "నీకు గుండెదిటవు లేదు" అని నిందించుట అన్యాయము. నేడు మేము చెప్పదలచిన దింతే. తక్కినదంతయు దీనికి వ్యాఖ్యానము.

ఈ సాధనను నేడు లోకమంతటను మైండ్‌ఫుల్‌నెస్ అని పిలుచుచున్నారు. అమెరికాలో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయపు వైద్యకళాశాలయందు 1979లో జాన్ కబట్-జిన్ అను నాయన దీర్ఘరోగులకొరకు దీనినొక క్రమశిక్షణగ ఏర్పరచెను. అటనుండి ఆసుపత్రులకును, పాఠశాలలకును, ఆటస్థలములకును ప్రాకినది. పేరు క్రొత్తదే గాని మూలము మనకు దూరమైనది కాదు. విశాఖపట్టణపు సముద్రతీరమున తొట్లకొండ, బావికొండ శిథిలములను చూచితిరా? అనకాపల్లి చెంత బొజ్జన్నకొండను చూచితిరా? ఆ విహారములలో నివసించిన భిక్షువుల మతమున, లోనికి వచ్చు ఊపిరిని, వెలికి పోవు ఊపిరిని గమనించుట ఒక ముఖ్యసాధన. దానిని వారు సతి యనిరి, సంస్కృతమున స్మృతి. మన తెలుగున ఇంతకంటె చక్కని మాట యున్నది: ఎరుక. ఉన్నచోట ఉండుట, చేయుచున్నదానిని ఎరిగి చేయుట, మనస్సు తప్పిపోయినప్పుడు తప్పిపోయినదని ఎరిగి మరల తెచ్చుకొనుట, ఇదియే ఎరుక. దీనికి మతముతో పనిలేదు. ఊపిరికి కులము లేదు, గోత్రము లేదు.

వ్యాయామమునకును ఊపిరికిని గల సంబంధము మన యుత్తరాంధ్రమునకు ఎన్నడును తెలియనిది కాదు. వీరఘట్టమున పుట్టి, విజయనగరమున వ్యాయామోపాధ్యాయుడై, పిదప సర్కసు నడపి దేశదేశములలో కీర్తి గన్న కోడి రామమూర్తినాయుడుగారు ఎదపై ఏనుగును నిలుపుకొనిరని మన పెద్దలు కథలుగ చెప్పుకొనిరి. ఆయన కండలను లోకము చూచినది. ఆ కండల వెనుకనున్న ప్రాణాయామసాధనను కొందరే గుర్తించిరి. ఆయన 1942లో గతించిరి. ఆయన తరువాత మన బడులలో డ్రిల్లు మిగిలినది, ఊపిరి పోయినది.

ఇంతకును గీతకడ నిలిచిన బిడ్డయందు జరుగునదేమి? భయము కలుగగనే గుండె వడిగ కొట్టుకొనును, ఊపిరి పైపైన ఆడును, కండరములు బిగియును. ఇది పిరికితనము కాదు. పులి యెదురైనప్పుడు ప్రాణము కాపాడుకొనుటకు ప్రకృతి మనకిచ్చిన యేర్పాటు. కొంత కలవరము మేలుకూడ చేయును. అసలు కలవరమే లేనివాడు మందముగ ఆడును. అది హద్దు మీరినప్పుడు మనస్సు రెండు దిక్కుల పరుగెత్తును: వెనుకకు పోయి పాత ఓటమిని తెచ్చును, ముందుకు పోయి రానున్న అవమానమును తెచ్చును. మరియొక చిక్కు కలదు. బాగుగ అలవాటైన పనిని భయమువలన మితిమీరి పరిశీలింప మొదలిడినచో ఆ పనియే చెడును. నెత్తిమీద బిందెతో గట్టుదిగు స్త్రీ తన పాదములను గూర్చి ఆలోచింప మొదలిడిన నాడు కాలు తడబడును. అట్లే పరుగుగాడును, విలుకాడును.

దీనికి చికిత్స భయమును అణగద్రొక్కుట కాదు. అణచిన కొలదియు అది హెచ్చును. మనస్సునకు చేరుకొనదగిన స్థానమొకటి చూపవలెను. ఊపిరి అట్టి స్థానము. ఊపిరిని తీయుటకంటె విడుచుట నిదానముగ జరిగినచో గుండె వేగము తగ్గునని శరీరశాస్త్రము చెప్పుచున్నది. గుండెను మనము నేరుగ ఆజ్ఞాపింపలేము. ఊపిరిద్వారా దానితో మాటలాడవచ్చును.

విద్యార్థులారా! చేయవలసినది చెప్పెదము, వినుడు. దినమునకు అయిదు నిమిషములు చాలును. నేలపై గాని రాతిపై గాని హాయిగ కూర్చుండుడు. కనులు మూసినను సరే, నేలచూపు చూచినను సరే. ఊపిరి వచ్చుటను, పోవుటను గమనించుచు ఒకటినుండి పదివరకు లెక్కింపుడు. మూడు లెక్కించునప్పటికి మనస్సు సంతకో, సినిమాకో, నిన్నటి తగవునకో పోవును. పోనిండు. పోయినదని తెలిసిన యా క్షణమే సాధన. విసుగుకొనక మరల ఒకటినుండి మొదలిడుడు. నూరుసార్లు పోయినచో నూరుసార్లు మరలింపుడు. బరువెత్తినప్పుడు చేయి బలపడినట్లు, మరలించినప్పుడెల్ల మనస్సు బలపడును. మనస్సు కదలకుండుట విజయము కాదు, మరలివచ్చుట విజయము.

రెండవది: ఆటకు ముందు చేయు పనుల నొక వరుసగ నియమించుకొనుడు. రెండు దీర్ఘశ్వాసలు; పాదముక్రింది నేల స్పర్శను గమనించుట; మనస్సులో ఒక్క మాట. ఆ మాట మీ యింటి మాట కావలెను. ఆదివాసీ ఒరియాలోనో, కువిలోనో, తెలుగులోనో, అమ్మ మిమ్ము పిలిచిన భాషలోని మాట కావలెను. సాధనలో ప్రతిదినము ఈ వరుసనే పాటించినచో, వేలమంది నడుమ నిలిచిననాడును మీ యూరి నేల మీ కాలిక్రిందికి వచ్చును. మూడవది: ఓడిననాటి రాత్రి మూడు ప్రశ్నలు వేసికొనుడు. ఏది బాగుగ చేసితిని? ఏది తప్పినది? రేపు ఏమి చేయుదును? నాల్గవ ప్రశ్న, అనగా "నేనెట్టిదానను, నేనెట్టివాడను" అను ప్రశ్న, వేసికొనవలదు. ఓటమి పందెమునకు సంబంధించినది. పుట్టుకకు సంబంధించినది కాదు.

ఇది పెద్దింటి పిల్లలకు గాని మనకు సాధ్యమగునా యని సందేహింతురేమో. నిజామాబాదు జిల్లా పాకాల యను గ్రామమున గిరిజనుల యింట పుట్టి, సాంఘికసంక్షేమ గురుకులమున చదివిన మాలావత్ పూర్ణ 2014 మే 25వ తేదీన ఎవరెస్టు శిఖరము నెక్కినది. అప్పటి కామె వయస్సు పదునాలుగేండ్లు కూడ నిండలేదు. ఖమ్మము ప్రాంతపు ఆనందకుమార్ అను బాలుడు ఆమెతో నుండెను. ఆ శిఖరమునకు వారు మొదటినాడే పోలేదు. భువనగిరి గుట్టపై మొదట రాయి నెక్కుట నేర్చిరి. పిదప డార్జిలింగునకును, చలికాలమున లడఖునకును పోయిరి. భయమును గూడ అట్లే మెట్టుమెట్టుగ ఎదుర్కొనిరి. దారిలో మృతులైనవారి శరీరములను చూచి భయపడితినని పూర్ణయే పిమ్మట చెప్పినది. భయము లేనందున కాదు, భయముతోనే అడుగు వేయ నేర్చినందున ఆమె శిఖరము చేరినది. మా కంటబడిన బాలికకు దొరకనిది ఈ మెట్లే.

అంతదూర మేల? మన యీ అల్లూరి సీతారామరాజు జిల్లాబిడ్డయే పాంగి కరుణకుమారి. 2025 నవంబరులో కొలంబోనందు అంధమహిళల తొలి టీ-ట్వంటీ ప్రపంచకప్పును గెలిచిన భారతజట్టులో ఆమె ఆడినది. తుదిపోటీలో మనవారు నేపాలును ఏడు వికెట్లతో జయించిరి. ఆ యాటగత్తెలలో కొందరికి చూపు బొత్తిగ లేదు. కొందరికి కొంత మాత్రమే కలదు. ఆ క్రికెట్టున బంతిలోపల గులకలుండి చప్పుడు చేయును. బంతి వేయువారు "సిద్ధమా?" అని యడుగుదురు, బ్యాటుపట్టినవారు "ఔను" అన్న పిమ్మటనే వేయుదురు. వచ్చుచున్న యా గలగలను వినుట తప్ప ఆ క్షణమున మరియొకదానికి తావు లేదు. నిన్నటి ఓటమిని వినుచున్న చెవి నేటి బంతిని వినజాలదు. ఎరుక యన నేమో ఇంతకంటె స్పష్టముగ ఏ గ్రంథము చెప్పగలదు? "సిద్ధమా?" అని అడిగి, "ఔను" అనువరకు ఆగు నీతి మన బడులలో అందరు పిల్లల విషయమునను పాటింపబడినచో ఎంత బాగుండును!

ఇచట నొక భ్రమను తొలగింపవలసి యున్నది. కొండబిడ్డలకు ఏకాగ్రత పుట్టుకతోనే వచ్చునని, వారికి వేరుగ నేర్పనక్కరలేదని మెచ్చుకోలుగ పలుకువారు కలరు. ఆ మెచ్చుకోలు క్రింద నిర్లక్ష్యము దాగియున్నది. పుట్టుకతో వచ్చిన దెవ్వరికిని లేదు. అభ్యాసమువలన వచ్చినదే కలదు. ధింసాలో చేయి చేయి పట్టి పదిమంది ఒక్క అడుగుగ కదలుట చిన్ననాటినుండి చూచి, ఆడి నేర్చినది. వాద్యమును వినుచు, ప్రక్కవారి అడుగును గమనించుచు, తన అడుగును వేయుట కంటె గొప్ప ఎరుకపాఠ మేది? ఉపాధ్యాయులు ఆ పరిచితమైన అభ్యాసముతోనే మొదలిడవచ్చును. పట్టణమునుండి గంటయు, చాపయు తెప్పింప నక్కరలేదు.

ఇక హెచ్చరికలు. మంచిమందును గూడ మోతాదు తెలియక వాడరాదు. బ్రిటనులో ఎనిమిది వేలకు పైగా విద్యార్థులపై చేసిన యొక పెద్ద పరిశోధన 2022లో వెలువడినది. పదునొకటి మొదలు పదునాలుగేండ్ల లోపు పిల్లలకు తరగతి తరగతియంతకును మైండ్‌ఫుల్‌నెస్ పాఠములు చెప్పి చూచిరి. ఆ పాఠశాలలలో ఎప్పటినుండియో జరుగుచున్న బోధనకంటె వీనివలన అధికలాభ మేమియు కనబడలేదు. పిల్లలలో ననేకులు ఇంటికి పోయిన పిదప సాధన చేయనే లేదు. దీనివలన మేము గ్రహించిన దేమన, ఊపిరిని గంటకొట్టి పాఠ్యపుస్తకముగ మార్చిన మాత్రమున ఫలము రాదు. బలవంతముగ కనులు మూయించిన మాత్రమున మనస్సు తెరువబడదు. ఇష్టపడి ఆడు బిడ్డకు, ఆమె ఆటలోనే, ఆమె నమ్మిన శిక్షకుడు, తాను ముందు సాధనచేసి, పిమ్మట నేర్పవలెను. ఎవరికైన కనులు మూయగనే దుఃఖము పొంగివచ్చినచో అచటనే ఆపి, వారిని వైద్యునికడకు కొనిపోవలెను.

రెండవ హెచ్చరిక ఇంతకంటె ముఖ్యము. పరుగులో అలసి కూలిన బిడ్డను చూచి మనస్సు దుర్బలమని తీర్పు చెప్పుటకు ముందు రక్తపరీక్ష చేయించితిరా? ఏజెన్సీప్రాంతములలో రక్తహీనత కలదు. తలిదండ్రులనుండి సంక్రమించు సికిల్‌సెల్ వ్యాధియు కలదు. ఆ వ్యాధి గలవారికి మితిమీరిన శ్రమవలనను, ఒంటిలో నీరు తగ్గుటవలనను తీవ్రమైన బాధలు రావచ్చును. దానిని నిర్మూలించుటకై కేంద్రప్రభుత్వము 2023 జూలై 1వ తేదీన జాతీయకార్యక్రమము నారంభించినది. ఆ పరీక్ష ప్రతి ఆటబిడ్డకును జరుగవలెను. ఇనుము తక్కువైన రక్తమునకు ధైర్యవచనములు మందు కావు. ఆకలికి ధ్యానము అన్నము కాదు. నిద్రలేని వసతిగృహమునకు ఏకాగ్రతాపాఠము ప్రత్యామ్నాయము కాదు. మేము చెప్పు మనశ్శిక్ష వీనికి తోడుగ రావలెను గాని వీని లోపమును కప్పిపుచ్చు దుప్పటి కారాదు.

"గ్రౌండు చదును లేదు, బూట్లు లేవు, పందెమునకు పోవ బస్సుకూలి లేదు, ఊపిరి పాఠ మెందుకు?" అని అడుగువారు మీలో నుందురు. వారి కోపము న్యాయమైనది. అధికారులను ఆ విషయములందు అడుగుట మానవలదు. కాని గ్రౌండు వచ్చువరకు బిడ్డ వయస్సు ఆగదు. ఖర్చులేని యీ విద్యను నేడే మొదలిడుటకు అడ్డేమి? పైగా, ఎరుక గల బిడ్డ అన్యాయమును ఓర్చుకొను బిడ్డ యని భ్రమపడవలదు. తన నొప్పి తనకు తెలిసినవారే నిలిచి, కలత లేని కంఠముతో తమకు రావలసినదానిని అడుగగలరు. ఛోటానాగపురపు ముండాజాతిలో పుట్టిన జైపాల్ సింగు 1928లో ఆంస్టర్‌డాం ఒలింపిక్ క్రీడలకు మన హాకీజట్టు నాయకుడై పోయెను. ఆయనయే పిమ్మట రాజ్యాంగపరిషత్తులో నిలిచి ఆదివాసుల హక్కుల కొరకు వాదించెను. ఆటస్థలమున నిటారుగ నిలిచినవాడు సభలో వంగి నిలువడు.

వలదు అనుటకు గూడ ఎరుక కావలెను. టోకియో ఒలింపిక్ క్రీడలు 2021లో జరిగినప్పుడు అమెరికా జిమ్నాస్టు సిమోన్ బైల్సు గాలిలో తన శరీరము ఏ దిక్కున నున్నదో తనకు తెలియుటలేదని గ్రహించి జట్టుపోటీ మధ్యలో తప్పుకొనెను. పిరికిదని నిందించినవారు లేకపోలేదు. ఆమెయే 2024లో పారిసునందు మూడు స్వర్ణపతకములు గెలిచెను. ఆనాడు ఆగకుండిన మెడ విరిగెడిదేమో! నొప్పి చెప్పిన బిడ్డను నాటకమనక వినుడు. విని ఆపిన శిక్షకుడే మరల ఆడింపగలడు.

ఈ కొండలలోని గిరిజనవిద్యార్థులకై నెలకొల్పిన గురుకులములకు ఏకలవ్యుని పేరు పెట్టిరి. ఏకలవ్యుడు గురువు లేకయే నేర్చినవాడని మెచ్చుకొందుము; కాని ఆ కథలో మనము సిగ్గుపడవలసిన భాగము బొటనవ్రేలు. నేటి యేకలవ్యులను మనము గురుదక్షిణ యడుగుటలేదా? మీ భాషను వదలి రండనుట, మీ పేరును మేము పలికినట్లే పలుకుడనుట, మీ భయమును దాచుకొనుడనుట, ఇవియు బొటనవ్రేళ్లే. గెలుపునకై బిడ్డనుండి దేనిని కోసి తీసికొనుచున్నామో చూచుకొనుటయే శిక్షకుని మొదటి ఎరుక.

ఉపాధ్యాయులారా! రేపు ఉదయము డ్రిల్లునకు ముందు అయిదు నిమిషములు మీరే కూర్చుండుడు. ఒక మాసము మీరు చేసిన పిమ్మట పిల్లలను పిలువుడు, రాదలచినవారే రావలెను. తల్లిదండ్రులారా! ఓడి యింటికి వచ్చిన బిడ్డను మొదట అన్నము తిన్నావా యని యడుగుడు. ఎన్నవస్థానము వచ్చినదో తరువాత అడుగవచ్చును.

గీతకడ కదలలేకపోయిన యా బాలిక నేడెచట నున్నదో మాకు తెలియదు. ఎక్కడనో కాఫీతోటలో పండ్లు కోయుచు నుండవచ్చును. తన బిడ్డను చంకనెత్తుకొని సంతకు వచ్చుచు నుండవచ్చును. ఆమెకు మేమొక సమాధానము బాకీపడియున్నాము. అమ్మా, భయపడకుండ ఎట్లుండవలెనో మాకును తెలియదు. భయము వచ్చినప్పుడు ఊపిరికడకు, నేలకడకు, మరల నీకడకు నీవే ఎట్లు రావలెనో మాత్రము నేర్పవచ్చును. అది నీకు నేర్పకపోయితిమి. నీ చెల్లెండ్రకైన నేర్పుదుముగాక!